ధూళి తెఱయు, ఎక్స్-కిరణముల సాక్ష్యమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ ఉత్సవమున శాస్త్రవిషయ మేదైన ముచ్చటింపుమని కార్యవర్గమువారు కోరగా, ధూళిని గూర్చి మాట్లాడుదునంటిని. గ్రంథాలయమున ధూళి మాట యెత్తినంతనే బీరువాలు తుడుచువారి ముఖములు చిన్నబోవుట సహజము. వారు కలత చెందనక్కఱలేదు. నేను చెప్పబోవు ధూళి ఇచ్చటికి కోట్ల కాంతిసంవత్సరముల దూరమున, గెలాక్సీల నడిబొడ్డున ఉన్నది. కాంతి సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును; ఆ వేగమున ఒక్క ఏడు పోయిన దూరము కాంతిసంవత్సరము. మన సూర్యుడును, రాత్రివేళ మన కంటి కగపడు చుక్కలన్నియు ఒకే గెలాక్సీకి చెందినవి. దానినే పాలపుంత యందుము. అట్టివి ఆకాశమున లెక్కకు మిక్కిలి కలవు.

పెద్ద గెలాక్సీల నడుమ మహాభారమైన కృష్ణబిలము ఉండును. తనలో పడినదానిని, తుదకు కాంతినైనను, మరల వెలికి పోనీయని వస్తువునకు కృష్ణబిలమని పేరు. పాలపుంత నడుమను సుమారు 40 లక్షల సూర్యుల బరువుగల కృష్ణబిలము కలదు. కాని యిప్పు డది దాదాపు పస్తున్నది. కొన్ని గెలాక్సీలలో మాత్రము దానికి మేత సమృద్ధిగా దొరకుచుండును. వాయువు కాలువ తూమువద్ద నీరువలె సుడి తిరుగుచు లోపలికి జాఱును. జాఱుచు రాచుకొని కాగి, చుట్టునున్న కోట్లకొలది నక్షత్రములతో పోటీపడునంతగా వెలుగును. ఆ సుడికి దాపుననే మఱింత కాగిన ఎలక్ట్రానుల మబ్బొకటి యుండి, ఆ వెలుగులో కొంత భాగమును ఎక్స్-కిరణములుగా మార్చి వెదజల్లును. ఇట్టి గెలాక్సీ నడిబొడ్డును క్రియాశీల నాభి యందురు. చీకటి బిలము వెలుగుటకు కారణమిది: వెలుగునది బిలము కాదు, దాని నోటికి పోవుచున్న కబళము.

1943లో అమెరికా ఖగోళజ్ఞుడు కార్ల్ సీఫర్ట్ ఇట్టి ఆఱు గెలాక్సీల కాంతిని విడదీసి పరీక్షించెను. కాంతిని పట్టకముగుండ పోనిచ్చిన రంగులుగా విడిపోవునని మన విద్యార్థు లెఱుగుదురు. ఆ రంగుల నడుమ వాయువులు తమ గుర్తుగా మెఱయు గీతలు వేయును. వాయువు మహావేగముతో అటునిటు పరుగెత్తుచున్నచో గీత వెడల్పగును; నెమ్మదిగా నున్నచో సన్నముగా నుండును. తరువాతివారు ఈ గెలాక్సీలను రెండు తరగతులు చేసిరి. మొదటి తరగతిలో వెడల్పు గీతలును సన్న గీతలును కలవు. రెండవ తరగతిలో సన్నగీతలు మాత్రమే. కృష్ణబిలము చెంత పరుగెత్తు వాయువు రెండవ తరగతికి లేదా? లేక ఉండియు కనబడకున్నదా?

దీనికి జవాబు చెప్పినది ఒక పాత గెలాక్సీయే. 1780లో ఫ్రెంచివాడు పియేర్ మెషేన్ కనుగొన్నది. మెస్సియే పట్టికలో 77వది. సీఫర్ట్ చూచిన ఆఱింటిలోను ఒకటి. దూరము సుమారు 4 కోట్ల 70 లక్షల కాంతిసంవత్సరములు. రెండవ తరగతికి ఇదియే మేటి. 1985లో అంటొనూచి, మిల్లర్ అను నిరువురు కాలిఫోర్నియాలోని లిక్ వేధశాల నుండి దాని కాంతిలో, ఒక దానిమీద పడి చెదరి వచ్చిన భాగమును మాత్రము వేఱుచేసి చూచిరి. అట్లు చెదరిన కాంతి కంపనము ఒక వైపునకు మొగ్గియుండును కనుక దానిని గుర్తుపట్టవచ్చును. ఆ కొద్ది కాంతిలో వెడల్పు గీతలు స్పష్టముగా కనబడినవి!

మండువా ఇంటిని తలచుకొనుడు. గదిలో దీపమున్నది. మీరు కూర్చున్న చోటికి తలుపు అడ్డము. దీపము కనబడదు. కాని ఆవలి కిటికీనుండి వెలుగు పోయి ఎదుటి గోడపై పడుచున్నది. గోడను చూచి, గదిలో దీపమున్నదని తెలిసికొందురు. గోడపై వెలుగు రంగును బట్టి అది ఏ దీపమో కూడ చెప్పవచ్చును. అంటొనూచి, మిల్లర్లు చూచినది ఆ గోడను. రెండు తరగతుల దీపము నొకటే. మనము కూర్చున్న చోటు వేఱు.

తలుపు మాట యేమి? కృష్ణబిలము చుట్టు ధూళియు వాయువును కలిసిన దట్టమైన వలయమొకటి యున్నదని పండితులు భావించిరి. నడుమ చిల్లుగల మినప గారెను తలచుకొన్న చాలును. చిల్లుగుండ చూచువారికి మొదటి తరగతి, గారె అంచు నుండి చూచువారికి రెండవ తరగతి.

ఇక ధూళి సంగతి. ఈ ధూళి బండిబాటమీది దుమ్మువంటిది కాదు. వంటింటి పొగలోని నుసివంటిది. రేణువు మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు లోబడి యుండును. కొన్ని ఇసుక జాతివి, కొన్ని బొగ్గు జాతివి. పాలపుంతలో నక్షత్రముల నడుమ నున్న పదార్థమును తూచినచో నూటికి రమారమి ఒక పాలు మాత్రమే ధూళి, తక్కినది వాయువు. అయినను కంటి కగపడు కాంతిని అడ్డగించుటలో ఆ యొక్క పాలే ఘనము. కాంతితరంగము పొడవును, రేణువు పరిమాణమును ఇంచుమించు దగ్గఱవి యగుటచే రేణువు ఆ తరంగమును ఆపగలదు, చెదరగొట్టగలదు. వేసవి సాయంకాలమున దుమ్ము రేగినపుడు సూర్యబింబము ఎఱ్ఱనై తేజము తఱుగుట మన మెఱిగినదే.

ఎక్స్-కిరణముల తీరు వేఱు. 1895లో రాంట్జెన్ కనుగొన్న యీ కిరణముల తరంగము కంటి కాంతికంటె వేల రెట్లు కుఱుచ, పరమాణువంత. కనుక అది రేణువును చూడదు, రేణువులోని పరమాణువులను లెక్కించును. ఉప్పుగల్లును చెంబెడు నీట కరగించితిమి. కంటికి ఉప్పు మాయమైనది. త్రాసునకు మాత్రము బరువు చెక్కుచెదరదు. కాంతి కన్నువంటిది, ఎక్స్-కిరణము త్రాసువంటిది. ఇనుము రేణువులో ముద్దగా నున్నను, వాయువులో విడివిడిగా నున్నను ఎక్స్-కిరణమునకు దాదాపు సమానమే. రేణువు పెద్దదైనచో దాని పైపొర లోపలి పరమాణువులకు కొంచెము నీడ పట్టును; ఆ తేడా స్వల్పము.

అందుచేత "ధూళి ఎక్స్-కిరణములను మ్రింగివేయుచున్నది" యని పత్రికలలో వచ్చు మాట సగము మాత్రమే నిజము. ఆక్సిజను, సిలికాను, ఇనుము వంటి మూలకముల పరమాణువులలో లోతట్టున బిగిసియున్న ఎలక్ట్రానులను ఊడబెఱుకుటలో ఎక్స్-కిరణము తన శక్తిని వ్యయము చేసికొనును. ఆ మూలకములు కొంత ధూళిలో నున్నవి, కొంత వాయువులో నున్నవి. నింద ధూళి యొక్కదానిదే కాదు.

కిరణమున కెంత శక్తియున్న అంత చొరవ. ఒక ఎలక్ట్రాను వెయ్యి వోల్టుల ఒత్తిడికి లోనై పొందు శక్తిగల కిరణమును సౌకర్యార్థము వెయ్యి వోల్టుల కిరణమందము. వైద్యశాలలో ఎముక ఫొటో తీయు యంత్రము 50, 60 వేల వోల్టులతో పనిచేయును. శక్తి రెట్టింపైనచో పరమాణువులు దానిని మ్రింగుట సుమారు ఎనిమిదవ వంతునకు దిగజాఱును. ఇది యొక్కటి జ్ఞాపకముంచుకొన్న ఇకముందు చెప్పునదంతయు సుబోధము.

కొంచెము లెక్క చూతము. చదరపు సెంటీమీటరు ముఖముగల ఒక సన్నని గొట్టము మన కంటినుండి ఆ గెలాక్సీ నాభివఱకు సాగియున్నదనుకొనుడు. అందు 1 ప్రక్క 22 సున్నలు వేసినన్ని హైడ్రోజను పరమాణువు లున్నవనుకొనుడు. వాని బరువు గ్రాములో అఱువదవ వంతు మాత్రమే. పాలపుంతలోని పాళ్లలో దానితో ధూళియు కలిసియున్నచో కంటి కాంతిలో సుమారు అఱువదింట ఒక వంతు, వెయ్యి వోల్టుల కిరణములో పదింట ఒక వంతు మనలను చేరును. 5 వేల వోల్టుల కిరణ మన్ననో, నూటికి 95 పాళ్లకు పైగా నిరాటంకముగా దాటివచ్చును. గొట్టములోని హైడ్రోజను రెండున్నర గ్రాములైనచో, అనగా పావు తులమునకు లోపుగా నున్నను, 10 వేల వోల్టులకు లోబడిన కిరణములు దాదాపుగా ఆగిపోవును. ఇట్టి తెఱను ఆర్థర్ కాంప్టన్ పేరిట కాంప్టన్ దట్టమందురు. ఏలన, అంత దట్టమున కిరణములు ఎలక్ట్రానులను ఢీకొని దారి తప్పుట కూడ లెక్కకు వచ్చును. పైన చెప్పిన 77వ గెలాక్సీ తెఱ బరువు తులమునకు పైమాట! పావు తులము కోటగోడ యగుట వింతగా తోచవచ్చును. మన తలపైనున్న గాలి చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము. ఆకాశమునుండి వచ్చు ఎక్స్-కిరణము ఒక్కటియు నేలకు చేరకపోవుటకు కారణమదియే. అది మనకు మేలే గాని, ఖగోళజ్ఞులకు చిక్కు తెచ్చినది.

ఆ చిక్కు తీరుటకు రాకెట్టు కావలసివచ్చెను. 1962 జూన్ 18న రికార్డో జకోనీయు, ఆయన సహచరులును అమెరికాలో పంపిన చిన్న రాకెట్టు కొలదినిమిషములు మాత్రమే గాలిపొర పైన నిలచి, వృశ్చికరాశి వైపున ఎక్స్-కిరణముల మూలమొకటి యున్నదని చూపెను. జకోనీకి 2002లో నోబెల్ బహుమానము వచ్చినది. 1970 డిసెంబరులో కెన్యా తీరము నుండి ఉహురు ఉపగ్రహము, 1999లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు దాల్చిన చంద్ర వేధశాల, 2012లో చొరవగల కిరణములను కేంద్రీకరించు న్యూస్టార్ పైకి పోయినవి. మన సూళ్లూరుపేట చెంతనున్న శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ బయలుదేరినవి. ఆస్ట్రోశాట్ ప్రత్యేకత యేమన, ఒకే వేళ అతినీలలోహిత కాంతిని, ఎక్స్-కిరణములను రెంటిని చూడగలుగుట. ధూళి మాటను వాయువు మాటను ప్రక్కప్రక్కన విని పోల్చుట కిట్టి చూపు మిక్కిలి అవసరము.

దట్టమైన తెఱవెనుకనున్న నాభి తనను తాను దాచుకొనజాలదు. మండువా గోడ ఇచ్చటను పనిచేయును. కిరణములు వలయపు ఆవలి లోపలిగోడను తాకి చెదరి వచ్చును. తాకునపుడు ఇనుము పరమాణువుల లోతట్టు ఎలక్ట్రాను ఊడిపోగా, పై మెట్టునున్న ఎలక్ట్రాను ఆ ఖాళీలోనికి దిగి, సరిగా 6,400 వోల్టుల కిరణమును విడుచును. దీపము నేరుగా కనబడుచున్నచో ఈ గీత వెలుగులో కలిసిపోవును. దీపము దాగినపుడు పగటి చుక్క రాత్రి మెఱసినట్లు ప్రస్ఫుటమగును. ఆ గీత బలమే తెఱ దట్టమునకు కొలబద్ద. 77వ గెలాక్సీలో అది మిక్కిలి బలముగా నున్నది. 2014 ఆగస్టులో న్యూస్టార్ దానిని చూచినపుడు 20 వేల వోల్టులకు మించిన కిరణములు మునుపటికంటె సుమారు మూడవ వంతు హెచ్చినవి. 2015 ఫిబ్రవరి నాటికి మరల తగ్గినవి. తెఱలోని మబ్బులు కదలి కొన్నాళ్లు సందు విడిచినవని శోధకులు వివరించిరి. కనుక గారెగా మనము తలచినది ఘనమైన గోడ కాదు. కదలాడు మబ్బుల గుంపు.

ఇక నసలు పేచీకి వత్తము. తెఱ యొకటే యైనచో కాంతి తఱుగుదలను బట్టి కట్టిన ధూళి లెక్కయు, ఎక్స్-కిరణముల తఱుగుదలను బట్టి కట్టిన పరమాణువుల లెక్కయు పాలపుంత పాళ్లలో సరిపోవలెను గదా! సరిపోలేదు. 2001లో ఇటలీకి చెందిన మయొలీనో మొదలగువారు కొన్ని నాభులను పరీక్షింపగా, ఎక్స్-కిరణములను బట్టి ఊహింపదగిన ధూళికంటె కాంతి చూపు ధూళి పెక్కింట మూడు మొదలు నూఱు రెట్లు తక్కువ. త్రాసు ఒకటి చెప్పుచున్నది, కన్ను మఱొకటి చెప్పుచున్నది.

రేణువులు ఒకదానితో నొకటి అంటుకొని పెద్దవైనవి, పెద్ద రేణువులు కాంతిని అంతగా ఆపజాలవు అని వా రొక సమాధానమిచ్చిరి. నాకు తోచినంతలో ఇంకొక సమాధానమునకే బలము హెచ్చు. సుమారు 1,200 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడిలో ధూళి నిలువదు, ఆవిరియగును. అందుచే కృష్ణబిలమునకు చేరువగా ధూళిలేని వాయువు మాత్రమే యుండును. కంటి కాంతి దానిని లక్ష్యపెట్టదు. ఎక్స్-కిరణము అచ్చటను సుంకము చెల్లింపవలెను. అంతియకాదు, ఎక్స్-కిరణములు పుట్టు చోటు మిక్కిలి చిన్నది కాన చిన్న మబ్బు సైతము దానిని కప్పగలదు. 2006 ఏప్రిలులో రిసాలితీ మొదలగువారు చంద్ర వేధశాలతో 1365వ సంఖ్యగల గెలాక్సీని కనిపెట్టియుండగా, దాని ఎక్స్-కిరణములు ఒక దట్టమైన మబ్బుచే పూర్తిగా మూయబడి మరల తెఱవబడుట నాలుగు దినములలో జరిగిపోయినది. ఇది గ్రహణమువంటిదే. అంత త్వరగా కదలు మబ్బు కృష్ణబిలమునకు మిక్కిలి చేరువ నుండవలెను. అచ్చట ధూళికి నిలువ నీడలేదు. రెండు సమాధానములకును తావున్నదనువారు కలరు. వారితో నాకు తగవు లేదు.

ఇంతకును దీనివలన ఒరిగిన దేమని మీరడుగవచ్చును. ఒక పద్దు తప్పుచున్నది. అదియే ఇందలి ముఖ్యాంశము. 1962 నాటి రాకెట్టే, ఆకాశమంతట పలుచగా ఎక్స్-కిరణముల వెలుగు వ్యాపించియున్నదని కూడ కనుగొన్నది. ఆ వెలుగు 30 వేల వోల్టుల ప్రాంతమున మిక్కుటము. తెఱలేని నాభులను ఎన్నింటిని కూడినను ఆ యాకారము రాదు. వానియందు తక్కువ శక్తి కిరణములు హెచ్చుగా నుండును. తక్కువ శక్తి కిరణములను తెఱలు మ్రింగివేసిన నాభులు అనేకములు కలిసిననే అది సాధ్యమని 1989లో సెట్టీ, వోల్టియర్ వాదించిరి. తరువాతి ఉపగ్రహములు వారి మాటనే బలపఱచినవి. 2015లో రిచ్చీ మొదలగువారు స్విఫ్ట్ ఉపగ్రహపు పట్టికను పరిశీలింపగా కాంప్టన్ దట్టమైనవి నూటికి 7.6 మాత్రమే కనబడినవి. కాని దట్టమైన తెఱ ఆ ఉపగ్రహమునకు సైతము కొన్నింటిని మఱుగుపఱచును గదా! ఆ మఱుగును సవరింపగా నూటికి సుమారు 27 తేలినవి. కృష్ణబిలము లింత బరువెట్లెక్కినవో తెలియుటకు అవి మ్రింగినపుడు వెలువడిన కాంతినంతటిని కూడవలెను. దాగినవానిని విడిచి కూడుట, జనాభా లెక్కలవారు తలుపు మూసిన ఇండ్లను విడిచి ఊరి జనసంఖ్య వ్రాసికొనిపోవుటవంటిది.

ఇచ్చట ధూళియే సాయమునకు వచ్చుచున్నది. ధూళి తాను మ్రింగిన కాంతిని ఉంచుకొనదు. కాగి, వేడిగా, పరారుణ కిరణములుగా తిరిగి యిచ్చును. పోషక్ గాంధీ మొదలగువారు 2009లో పరారుణ వెలుగును, నాభి యొక్క నిజమైన ఎక్స్-కిరణ బలమును పోల్చిచూడగా అవి జోడెడ్లవలె ఒకే కాడికి నడచుచున్నట్లు తేలినది. కాంప్టన్ దట్టమైనవియు ఆ కాడి తప్పలేదు. కనుక ఎక్స్-కిరణములు ఆగిపోయిన చోట ధూళి వేడిని కొలిచి, లోపల ఎంత పుట్టుచున్నదో అంచనా కట్టవచ్చును. 2022లో చిలీ దేశపు పరానాల్ కొండమీది నాలుగు దూరదర్శినులను జతపఱచి 77వ గెలాక్సీ నడుమనున్న ధూళి పటమును తీసిరి. అందు వెలుపల మన గదిలోని వేడి మొదలు లోపల 1,200 డిగ్రీల వఱకు ధూళి కనబడినది. కృష్ణబిలమున్న తావు దట్టమైన ధూళి వలయము మాటున దాగినది.

ధూళి ఎక్స్-కిరణములకు దారి తీయు విధ మింకొకటి కలదు. కాంతి తగిలిన దానిని స్వల్పముగా నెట్టును. వాయువును నెట్టుటకంటె ధూళిని నెట్టుట కాంతికి మిక్కిలి సులభము. ధూళి తెరచాపవలె కాంతిని పట్టి, తనతో వాయువును కూడ లాగుకొనిపోవును. కృష్ణబిలము మితముగా భుజించినంతకాలము తెఱ నిలచియుండును. మితిమీఱి భుజించి వెలిగినచో ధూళి కొట్టుకొనిపోవును, వెంట వాయువును పోవును, ఎక్స్-కిరణములకు దారి యేర్పడును. రిచ్చీ బృందము 2017లో చూపినది దీనినే: తన బరువునకు తగినదానికంటె హెచ్చుగా వెలుగుచున్న నాభులలో తెఱగలవి అరుదు. ఎక్స్-కిరణములను స్వయముగా ఆపుటలో ధూళి వంతు చిన్నదైనను, ఆపు వాయువును ఉంచుటయో ఊడ్చుటయో ధూళి చేతిలో నున్నదన్నమాట. ఇది నా మనసున కెంతయు నచ్చిన విషయము.

తులమునకు మించిన ఆ తెఱను లెక్కచేయక దాటివచ్చునవి ఒక్కటి కలవు, న్యూట్రినోలు. దక్షిణ ధ్రువమున మంచుగడ్డలో పాతిన ఐస్‌క్యూబ్ యంత్రము 77వ గెలాక్సీ దిక్కునుండి సుమారు 79 న్యూట్రినోలు వచ్చినట్లు 2022 నవంబరులో ప్రకటించిరి. వానితోడనే పుట్టవలసిన గామా కిరణములు మాత్రము ఆ మేర కగపడుట లేదు; అవి పుట్టిన చోటనే, ఎక్స్-కిరణములు క్రిక్కిఱిసిన ఆ కృష్ణబిలపు దాపుననే, నశించుచున్నవని పలువురి అభిప్రాయము. తెఱలోపలి సంగతి తెలుపుటకు వచ్చిన క్రొత్త సాక్షి యిది. దాని వాఙ్మూలము ఇంకను నడచుచున్నది.

ఈ గెలాక్సీని చూడ వేడుకపడు యువకులు ధనుర్మాసమున, రాత్రి మొదటి జాము ముగియు వేళ, దాదాపు నడినెత్తిన, దక్షిణమునకు కొంచెము వాలిన తావున వెదకవలెను. తిమింగల మను నక్షత్రరాశిలో నున్నది. వట్టి కంటికి అందదు. చిన్న దూరదర్శినిలో మసకమసకగా గుండ్రని మచ్చవలె నుండును. వెన్నెల లేని రాత్రి యైన మేలు. మన ఊరి చెఱువుగట్టు అందులకు అనువైన చోటు.